ఊరి బయట పెద్ద ఇల్లా, ఊళ్లో చిన్న ఇల్లా?

ప్రశ్న: మా ఇద్దరివీ ఉద్యోగాలే. నాలుగేళ్ల పాప ఉంది. మా అత్తగారు మాతోనే ఉంటారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. పెళ్లయినప్పటి నుంచి అద్దె ఇళ్లలోనే ఉన్నాం, ఇప్పుడు సొంతిల్లు కొందామని తిరిగి తిరిగి రెండింటి దగ్గర ఆగాం. ఒకటి ఊళ్లోనే, 15 ఏళ్ల పాత అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు, రెండు బెడ్‌రూమ్‌లు. ఇంకొకటి ఊరి బయట కడుతున్న కాంప్లెక్స్‌లో మూడు బెడ్‌రూమ్‌లు, రెండేళ్లకి చేతికొస్తుందట. ధర దాదాపు ఒకటే. మెట్రో అటే వస్తుందని, నాలుగేళ్లలో రేటు రెట్టింపు అవుతుందని అందరూ అంటున్నారు. మావారికి ఊరి బయటిదే నచ్చింది. రెండింటిలో ఎక్కణ్నుంచైనా ఆయన ఆఫీసుకి నలభై నిమిషాలే. నాకు పాత ఫ్లాట్ నుంచి 25 నిమిషాలు, బయటి నుంచి గంటన్నర. నేను ఎలాగో సర్దుకుంటాను. పాత ఫ్లాట్‌లో బాత్రూమ్ సీలింగ్ మీద తడి మచ్చ ఉంది, అది చూస్తే భయమేస్తోంది. ఏది కొనమంటారు?

సమాధానం: మీ ఉత్తరంలో గదుల లెక్క ఉంది, రేటు ఎంత పెరుగుతుందో ఉంది, మీవారికి ఏది నచ్చిందో ఉంది. మీ ప్రయాణం సంగతి మాత్రం చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను అక్కణ్నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే ఊరి బయటి ఇల్లు కొంటే దానికి రోజూ వాయిదా కట్టేది మీరు.

ఒకసారి లెక్క వేద్దాం. 25 నిమిషాలకీ 90 నిమిషాలకీ తేడా 65. రానూపోనూ కలిపితే 2 గంటల 10 నిమిషాలు. నెలకి 22 పనిరోజులు అనుకుంటే దాదాపు 48 గంటలు, అంటే ఒక వారం ఆఫీసు పని ఎంతసేపో అంతకంటే ఎక్కువసేపు మీరు ప్రతి నెలా రోడ్డు మీద అదనంగా గడుపుతారన్నమాట. ఏడాదికి 570 గంటలు. బ్యాంకువాళ్లు ఇచ్చే కాగితాల్లో ఈ అంకె ఎక్కడా కనబడదు. పోనీ ఆ రెండు గంటలూ ఎక్కణ్నుంచి తెస్తారు? ఆఫీసు తన గంటలు తగ్గించుకోదు, ఇంటి పని తగ్గదు, కాబట్టి అవి మీ నిద్రలోంచో, పాపతో ఉండే సాయంత్రంలోంచో పోతాయి. నాలుగేళ్ల పిల్ల తొమ్మిదింటికల్లా నిద్రపోతుంది. మీరు ఎనిమిదిన్నరకి ఇల్లు చేరితే పాపకి మీరు దొరికేది అరగంట, అదీ అలసిపోయి, విసుగ్గా ఉన్న అమ్మ.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. స్విట్జర్లాండ్ ఆర్థికవేత్తలు అలోయిస్ స్టుట్సర్, బ్రూనో ఫ్రై ఇద్దరూ జర్మనీలో కుటుంబాలని ఏళ్ల తరబడి అడిగి సేకరించిన సర్వే వివరాలు తీసుకుని ఈ ప్రశ్నే వేశారు. పుస్తకాల్లో ఆర్థికశాస్త్రం ఏమంటుందంటే, దూరం వెళ్లినవాళ్లకి చౌకగా ఇల్లో, మంచి జీతమో దక్కుతుంది కాబట్టి మొత్తం మీద లెక్క సరిపోతుంది. వాళ్లు చూస్తే సరిపోలేదు. రోజూ ఎక్కువసేపు ప్రయాణం చేసేవాళ్లు తమ జీవితం మీద తక్కువ తృప్తితో ఉన్నట్టే తేలింది. 2008లో అచ్చయిన పరిశోధన అది. ఎందుకలా అంటే, నా ఉద్దేశంలో, అదనపు గదికి మనం ఆర్నెల్లలో అలవాటుపడిపోతాం, అది సామాన్ల గది అయిపోతుంది కూడా. ట్రాఫిక్‌కి మాత్రం అలవాటుపడలేం, అది ఏ రోజుకారోజు వేరు కాబట్టి. గంటన్నర అన్నది సగటు. ఒకరోజు గంటా పది నిమిషాలు, ఇంకోరోజు రెండు గంటల పైన. పాపకి జ్వరంగా ఉందని స్కూలు నుంచి ఫోన్ వచ్చిన రోజు అది ఎంత అవుతుందో ఎవరూ చెప్పలేరు, ఆ టెన్షన్ ఫోన్ రాని రోజుల్లో కూడా మనసులో ఉంటుంది.

మీవారిని తప్పుపట్టడం లేదు. ఆయనకి ఎక్కడైనా నలభై నిమిషాలే అయినప్పుడు పెద్ద ఇల్లు నచ్చడం సహజం. అందుకని ఆయనతో వాదన పెట్టుకోకండి, ఒక పనిరోజు ఇద్దరూ సెలవు పెట్టి పొద్దున్న ఎనిమిదింటికి ఆ సైటు దగ్గర బయల్దేరి మీ ఆఫీసు దాకా, మీరు మామూలుగా ఎలా వెళ్తారో అలాగే వెళ్లండి, మళ్లీ సాయంత్రం ఆఫీసు విడిచే టైముకి వెనక్కి రండి. ఆదివారం మధ్యాహ్నం ఏజెంట్ కారులో ఏసీ వేసుకుని చూసొచ్చిన దూరం లెక్కలోకి రాదు. ఈ ఒక్క రోజు ఖర్చు, మీరు పెట్టబోయే డబ్బు ముందు ఏపాటి?

ఇక మెట్రో. "వస్తుంది" అన్న ఒక్క మాట కింద చాలా దశలుంటాయి. ఎవరో ప్రకటించారు, సర్వే చేశారు, నిధులు ఖాయమయ్యాయి, భూమి తీసుకున్నారు, పిల్లర్లు లేచాయి, రైలు నడుస్తోంది. చివరి రెండూ తప్ప మిగతా దశల్లో ఉన్నదాని మీద ఇల్లు కొనకూడదని నేను గట్టిగా నమ్ముతాను. డెన్మార్క్ పండితుడు బెంట్ ఫ్లూబ్యర్గ్ బృందం 20 దేశాల్లో 258 రవాణా ప్రాజెక్టులు తీసుకుని పరిశీలిస్తే, పదింటిలో తొమ్మిదింటికి అసలు ఖర్చు ముందు చెప్పినదాన్ని దాటిపోయింది. రైలు ప్రాజెక్టులకి సగటున 45 శాతం దాకా ఎక్కువైంది. డబ్బు అంచనాలే ఇలా తలకిందులైనప్పుడు తారీఖుల మీద అంత భరోసా పెట్టుకోవడం మంచిది కాదు. ఇంకో మాట, మెట్రో సంగతి మీ దాకా వచ్చిందంటే అమ్మేవాడికి ఎప్పుడో తెలుసు, దాని విలువ కొంత ఇప్పటి ధరలోనే కలిపేసి ఉంటాడు. అంటే ఇంకా రాని రైలుకి మీరు ముందే టికెట్ కొంటున్నారు. పోనీ వచ్చిందే అనుకుందాం, స్టేషన్ ఆ కాంప్లెక్స్ గేటు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటుందా? పది పన్నెండు నిమిషాలు నడిస్తే అందే స్టేషన్ అయితే పనికొస్తుంది. మూడు కిలోమీటర్ల అవతల ఉంటే మళ్లీ ఆటో, మళ్లీ ఎదురుచూపు.

నాలుగేళ్లలో రేటు రెట్టింపు కావాలంటే ఏటా 19 శాతం చొప్పున, ఒక్క ఏడాది కూడా తగ్గకుండా పెరగాలి. అలా పెరిగిన చోట్లు లేవని కాదు. కానీ ఊరి బయట ఖాళీ స్థలానికి కొదవ ఉండదు, మీరు అమ్ముదామనుకునే రోజుకి పక్కనే మరో బిల్డర్ కొత్త ఫ్లాట్లు పెట్టి కూర్చుంటాడు, కొనేవాడు మీ ఆరేళ్ల పాతది ఎందుకు కొంటాడు? ఊళ్లో అయితే కొత్తగా కట్టడానికి చోటు దొరకడమే కష్టం. అసలు ఇల్లన్నదానిలో భవనం పాతబడే కొద్దీ విలువ పోగొట్టుకుంటుంది, పెరిగేది నేల విలువ. అందుకే ఫ్లాట్ ఏదైనా సరే, ఆ స్థలంలో మీ వాటా ఎంత రాస్తున్నారో రెండు చోట్లా అడిగి పక్కపక్కన పెట్టి చూడండి. పాత, తక్కువ అంతస్తుల అపార్ట్‌మెంట్లలో ఆ వాటా తరచు ఎక్కువే ఉంటుంది. పైగా రేటు రెట్టింపైనా, మీరు ఉంటున్న ఇల్లు అమ్మితే మళ్లీ ఎక్కడో కొనాలి కదా, అక్కడ కూడా పెరిగే ఉంటుంది. ఉండటానికి కొనే మొదటి ఇంటిని లాభం కోసం ఎంచుకుంటే అటు లాభమూ చేతికి రాదు, ఇటు సుఖమూ ఉండదు.

అప్పు సంగతి మీరు రాయలేదు. ఎంపికకి దానికీ సంబంధం ఉంది కాబట్టి చెప్తున్నాను. 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల లోన్ తీసుకున్నారనుకోండి, మీరు తీసుకున్న ప్రతి వందకీ చివరికి కట్టేది దాదాపు 216. అది చాలామందికి తెలుసు. తెలియనిది ఏంటంటే, మొదటి నెల ఈఎంఐలో ఆరింట అయిదు వంతులు వడ్డీకే పోతుంది. అయిదేళ్లు క్రమం తప్పకుండా కట్టాక అసలులో తీరేది 11 శాతం. పదేళ్లకి, అంటే సగం కాలం గడిచాక కూడా, 29 శాతమే. కాబట్టి "ముందు ఇది కొని, మూడు నాలుగేళ్లలో అమ్మేసి ఇంకోటి తీసుకుందాం" అనే ప్లాన్ మొదటి ఇంటికి పనికిరాదు. కట్టినదాంట్లో చాలా భాగం వడ్డీకే పోతుంది, దానికితోడు రిజిస్ట్రేషన్ ఖర్చులు, ఏజెంట్ కమిషన్ కలిసి తడిసి మోపెడవుతాయి. కనీసం ఏడెనిమిదేళ్లు ఉండగలమనిపించే చోటే కొనాలి. ఏడెనిమిదేళ్లంటే పాపకి పన్నెండు వస్తాయి. ఈ మధ్యలో స్కూలంతా ఉంది, స్నేహితులున్నారు, మీ అత్తగారికి వయసు మీద పడటం ఉంది, మీ ఇద్దరిలో ఎవరో ఒకరు ఉద్యోగం మారడం ఉంది. ఊళ్లో ఉంటే ఆఫీసు మారినా నాలుగు వైపులకీ దారి ఉంటుంది. ఊరికి ఒక కొసన ఉంటే, రెండో కొసన వచ్చిన మంచి ఉద్యోగాన్ని వదులుకోవాల్సి వస్తుంది, అదీ ఎక్కువగా ఆడవాళ్లే వదులుకుంటారు. ఇది చాలా ఇళ్లలో చూస్తున్నాను, అందుకే ఇంత నొక్కి చెప్తున్నాను.

కట్టుబడిలో ఉన్న ఇల్లు అంటే మరో భారం. చేతికొచ్చేదాకా ఇప్పటి అద్దె, అక్కడి వడ్డీ రెండూ కట్టాలి. రెండేళ్లన్నది మూడైతే? ఆ మూడో ఏడాది కూడా రెండూ కట్టగలరా అని కాగితం మీద వేసి చూడండి. ఇద్దరి జీతాలూ కలిపితేనే గట్టెక్కే ఈఎంఐ అయితే ఇంకా జాగ్రత్త, ఒకరి జీతం ఆరు నెలలు ఆగినా నడిచేంత డబ్బు పక్కన పెట్టాకే ముందుకెళ్లండి. పాత ఫ్లాట్‌కైనా ఇదే మాట.

మీ అత్తగారి గురించి ఒక్క వాక్యమే రాశారు, కానీ ఇంట్లో రోజంతా ఉండేది ఆవిడే. ఊరి బయట కొత్త కాంప్లెక్స్‌లో మొదటి రెండు మూడేళ్లు చాలా ఫ్లాట్లు ఖాళీగా ఉండొచ్చు. పొద్దున్న మీరిద్దరూ, పాపా వెళ్లిపోయాక ఆవిడ ఎవరితో మాట్లాడతారు? మందుల షాపుకి నడిచి వెళ్లొచ్చా, మోకాళ్ల డాక్టర్ ఎంత దూరం, రాత్రి పూట ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రికి ఎంతసేపు? పాత చోట లిఫ్ట్ సంగతి కనుక్కోండి, మూడో అంతస్తు కదా. ఉందంటే సరిపోదు, ఎంత పాతది, నెలకి ఎన్నిసార్లు ఆగుతోంది, కరెంట్ పోతే జనరేటర్ మీద నడుస్తుందా అన్నది అక్కడ ఉండేవాళ్లనే అడగండి. లిఫ్ట్ సరిగ్గా లేకపోతే నేను ఇంతసేపూ ఆ ఫ్లాట్ గురించి చెప్పిన మంచి అంతా మీ అత్తగారి విషయంలో చెల్లదు. ఆవిడని కూడా ఒకసారి రెండు చోట్లకీ తీసుకెళ్లి, కాసేపు కూర్చోబెట్టి, ఏమనిపించిందో అడగండి.

ఇప్పుడు ఆ తడి మచ్చ. దాన్ని చూసి భయపడటం సరే, కానీ అది ఏ రకం మచ్చో తెలుసుకున్నాక భయపడాలో లేదో నిర్ణయించుకోండి. చేత్తో తాకి చూడండి. అంచులు పసుపుగా తేలి, లోపల పొడిగా ఉంటే ఎప్పుడో కారి ఆగిపోయిందని అర్థం కావచ్చు. చల్లగా, మెత్తగా తగిలి, పెయింట్ బుడగలు లేస్తుంటే ఇప్పుడూ కారుతోంది. పైవాళ్లు స్నానాలు చేసే టైములోనే తడి ఎక్కువై తర్వాత తగ్గితే అది నీళ్లు పోయే పైపుదో, పై బాత్రూమ్ నేలదో. ఎవరూ వాడకపోయినా తడి అలాగే ఉంటే నీళ్లొచ్చే పైపు నుంచి. రెండూ బాగుచేయగలిగేవే. చిక్కేమిటంటే, పని మీ ఫ్లాట్‌లో కాదు, పైవాళ్ల బాత్రూమ్ తవ్వి చేయాలి. అందుకని అమ్మేవాళ్లతో బేరం కంటే ముందు పై అంతస్తుకి వెళ్లి వాళ్లతో మాట్లాడండి. సౌమ్యంగా మాట్లాడి, వచ్చి చూసుకోమనేవాళ్లయితే సగం సమస్య తీరినట్టే. "మా దగ్గర ఏం లేదు" అని తలుపేసేవాళ్లయితే మీరు ఆ మచ్చతోనే బతకాలి, ధర ఎంత తగ్గించినా వద్దు. మధ్యలో కొత్తగా సున్నం వేయించి "బాగుచేయించాం" అంటే నమ్మకండి, పైన ఏం పని చేశారో చూపించమనండి.

నిజానికి పాత బిల్డింగ్‌లో సీలింగ్ మచ్చ కంటే ముందు చూడాల్సింది సెల్లార్. కిందకి దిగి స్తంభాలు, దూలాల అడుగు, బాల్కనీల అడుగు ఫోన్ లైటు వేసి చూడండి. లోపలి ఇనుప చువ్వకి తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటుని పగలగొట్టుకుంటూ వస్తుంది. స్తంభం పొడవునా నిలువు పగులు, పెచ్చులూడి గోధుమరంగు చువ్వ బయటపడటం కనిపిస్తే స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని తీసుకొచ్చి చూపించకుండా ఒక్క అడుగు ముందుకెయ్యకండి. అలాగే గోడల మీద నేల నుంచి ఒకే ఎత్తులో నడిచిన మట్టి గీత ఉందేమో చూడండి. నీళ్ల మోటారు స్విచ్‌బోర్డు ఒకప్పుడు కింద ఉండి ఇప్పుడు ఛాతీ ఎత్తుకి మార్చినట్టు, పాత చోట సిమెంటు పూసిన అతుకు కనిపిస్తే, వానాకాలం సెల్లార్‌లోకి నీళ్లొచ్చాయని ఆ గోడే చెప్తోందన్నమాట. ఊరి బయటి సైటుకి కూడా వాన వెలిసిన మర్నాడు ఒకసారి వెళ్లి రండి. పల్లంలో కట్టారా, చెరువు దారికి అడ్డంగా కట్టారా అన్నది ఏ బ్రోచర్‌లోనూ ఉండదు, ఆ రోజు రోడ్డు మీద తెలిసిపోతుంది. నీళ్ల సంగతి వాచ్‌మన్‌ని అడగండి, ఎండాకాలంలో ట్యాంకర్లు ఎన్ని వస్తాయో అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు.

అసోసియేషన్ లెక్కలు కూడా చూపించమని అడగండి. రిపేర్ల కోసం డబ్బు దాచి పెడుతున్నారా, మెయింటెనెన్స్ ఎంతమంది ఎగ్గొడుతున్నారు అన్నది రెండు నిమిషాల్లో తేలుతుంది. కొత్త కాంప్లెక్స్‌లో క్లబ్‌హౌస్, ఈత కొలను చూపించి ఊరిస్తారు, వాటి ఖర్చు నెలనెలా మీ చేతుల మీదుగానే పోతుంది. చదరపు అడుగుల లెక్కలో కూడా జాగ్రత్త. గోడల లోపల మీరు తిరిగే చోటు ఎంతో టేపు పెట్టి కొలవండి, కొత్తదానికి ప్లాన్ తీసుకుని కూడండి. లిఫ్టులు, కారిడార్లు, లాబీల వాటా తీసేస్తే మూడు బెడ్‌రూమ్‌ల ఇల్లు మీరనుకున్నంత పెద్దదిగా మిగలకపోవచ్చు. పత్రాలు ఏ ఇంటివైనా మీ సొంత లాయర్‌కి చూపించండి. బ్యాంకు లోన్ ఇచ్చిందంటే అన్నీ సరిగ్గా ఉన్నట్టే అనుకోకండి, బ్యాంకు చూసుకునేది తన డబ్బు భద్రత.

ఇంతకీ ఏది కొనమంటానంటే, ఈ రెండింటిలోనే అయితే ఊళ్లో ఫ్లాట్. పైవాళ్లు సహకరించి, సెల్లార్‌లో స్తంభాలు గట్టిగా ఉండి, లిఫ్ట్ సరిగ్గా నడుస్తుంటే నిస్సంకోచంగా తీసుకోండి. రెండు బెడ్‌రూమ్‌లు నలుగురికి ఇరుకే, కాదనను. అత్తగారితో పాప పడుకుంటుంది, ఇంకో నాలుగైదేళ్ల దాకా అది ఇద్దరికీ సంతోషమే కావచ్చు, తర్వాత హాల్లో ఒక మూల పాపకి చదువుకునే చోటు చేయాల్సి వస్తుంది. ఆ ఇబ్బంది ఇంట్లో నలుగురూ తలా కొంచెం పంచుకుంటారు. బయటి ఇంటి ఇబ్బంది మీ ఒక్కరి నెత్తినే పడుతుంది. నా లెక్కలో ఇదే అసలు తేడా.

అయితే ఈ రెండే ఎందుకు అన్న ప్రశ్న కూడా వేసుకోండి. ఊరి నడిమధ్యా, ఊరి కొసా తప్ప మధ్యలో మీరు వెతికినట్టు ఉత్తరంలో లేదు. మీ రెండు ఆఫీసుల నుంచీ ఇప్పటికే నడుస్తున్న రైలో, బస్సో పట్టుకుని, 45 నిమిషాల లోపు ఎక్కడి దాకా రావచ్చో మ్యాప్ మీద గీసుకోండి. ఇద్దరి గీతలూ కలిసే మేరలో పేరులేని, ఎవరూ హోర్డింగ్ పెట్టని పాత కాలనీలు కొన్ని ఉంటాయి. ఆ మేరలో రాత్రి తొమ్మిదింటికి ఒకసారి తిరిగి రండి, బాల్కనీల్లో బట్టలున్నాయా, కిటికీల్లో లైట్లు వెలుగుతున్నాయా, ఆడవాళ్లు ఒంటరిగా నడిచి వస్తున్నారా చూడండి. మనుషులు కాపురముంటున్న చోటుకీ, డబ్బు పెట్టి తాళం వేసిన చోటుకీ తేడా అప్పుడే కనబడుతుంది.

ఏదీ కుదరకపోతే, నచ్చిన ఏరియాలో ముందు అద్దెకి దిగండి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం అక్కడే గడిపితే నీళ్లు, ట్రాఫిక్, స్కూలు, ఇరుగుపొరుగు అన్నీ మీకే తెలుస్తాయి, ఏజెంట్‌ని నమ్మాల్సిన పని ఉండదు. అద్దె కడితే డబ్బు వృథా అని చుట్టాలు అంటారు. మొదటి ఏడాది ఈఎంఐలో వడ్డీ ఎంత పోతుందో ఇందాక చూశాం కదా, వాళ్లకి ఆ అంకె చూపించండి. ఏడాది ఆగితే మంచి ఇల్లు చేజారిపోతుందని తొందరపెట్టే ఫోన్లు కూడా వస్తాయి. పెద్ద ఊళ్లో అమ్మకానికి ఇల్లు లేని రోజంటూ ఉండదు. ఈలోపు ఈఎంఐకీ అద్దెకీ మధ్య ఉన్న తేడా డబ్బు ప్రతి నెలా తీసి విడిగా దాచండి. ఆ మొత్తం మీరు ఇబ్బంది లేకుండా దాచగలిగితే లోన్ మోయగలరని రుజువవుతుంది, దాచలేకపోతే ఎంత తక్కువ లోన్ తీసుకోవాలో తెలిసిపోతుంది.